సెలవులలో పసిబిడ్డయు బంధువులును

క్రిస్మసు సెలవులు మొదలు సంక్రాంతి దాఁటువఱకు మన ప్రాంతమున చుట్టములు వచ్చిపోవు కాలము. నంద్యాలలోని కొడుకు నింటికి ఆళ్లగడ్డనుండి అవ్వయు అబ్బయు వత్తురు. పండుగకు కొడుకు కోడలు బిడ్డ నెత్తుకొని ఆళ్లగడ్డకుఁ బోవుదురు. నడుమ సుమారు 40 కిలోమీటర్ల బస్సు ప్రయాణము. పండుగ వెళ్లినను ఆ దెస చుట్టఱికము ముగియదు. కనుమనాఁడు అహోబిల నరసింహస్వామి పారువేటకు బయలుదేఱి, 40 దినములకుఁ బైగా గ్రామములఁ దిరుగుచు, తన కల్యాణమునకుఁ బ్రజలను స్వయముగాఁ బిలుచునని ప్రతీతి. పల్లకి వచ్చిన యూర నింటింటను బంధువులు నిండుదురు. ఇంతటి సందడిలో ఏఁడాది రెండేండ్ల బిడ్డ గల పడుచు దంపతులు గమనింపవలసిన కొన్ని సంగతుల నిచట విచారింతము.

బిడ్డకు ఎనిమిది తొమ్మిది నెలలు వచ్చుసరికి తెలిసిన ముఖమును తెలియని ముఖమును వేఱుపఱచు శక్తి కలుగును. క్రొత్తవారిని జూచి యేడ్చుట ఆ శక్తికి గుఱుతే కాని పెంపకపు లోపము గాదు. కాని మన యిండ్లలో నేమి జరుగుచున్నది? అవ్వ ప్రేమతో చేతులు చాఁచును. బిడ్డ తల్లి మెడను గఱచుకొని కెవ్వుమనును. “మా దగ్గఱకు రానీయకుండఁ బెంచినావమ్మా” అను మాట కోడలిపైఁ బడును. ఆ మాటకు వెఱచి తల్లి బిడ్డను బలవంతముగా నందించును, ఏడుపు రెట్టించును. అవ్వకు మనసు నొచ్చును, కోడలికిఁ గన్నీరు వచ్చును. తప్పు మాత్ర మెవ్వరిదియుఁ గాదు.

మే మెఱిఁగిన యొక యబ్బ ఆళ్లగడ్డలో రాతి విగ్రహములు చెక్కు పనివాఁడు. మనుమరాలిని జూడవచ్చి, ఆమెను బిలువక, తనపాటికిఁ దాను గడపదగ్గఱఁ గూర్చుండి సుద్దముక్కతో నేలపై నేనుఁగును గీయసాగెను. తొండము ముగియులోపల ఆ పిల్ల తల్లి కొంగు విడిచెను. రెండవ యేనుఁగునకు సుద్దముక్కను తానే లాగికొనెను. వచ్చిన బంధువు లందఱు ఇట్లు అరగంట యోర్చుకొనిన యెడల చాలును.

నిద్ర విషయము స్పష్టమే. ఒకటి రెండేండ్ల బిడ్డకు పగటి కునుకుతోఁ గూడ దినమునకు 11 మొదలు 14 గంటల నిద్ర కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోఁ దెలిపినది. చుట్టము లున్నారని కునుకు మాన్పినచో సాయంకాలము బిడ్డ పెట్టు పేచీకి దిష్టి తీయుట వలనఁ బ్రయోజనము లేదు.

ఇంతకంటె భయపడవలసినది తిండిలోఁ గలదు. మన సీమలో బుడ్డలని పిలువఁబడు వేరుసెనగ విత్తులు లేని పండుగ లేదు. నమలెడు దంతములు బిడ్డకుఁ బూర్తిగా వచ్చుటకు రెండేండ్లు దాఁటును. అంతవఱకు కొఱుకఁగలఁడు గాని నలుపలేఁడు. గొంతున ఊపిరి త్రోవ మిక్కిలి సన్ననిది. అత్త ముద్దుగా నోటఁ బెట్టిన యొక్క విత్తు, బిడ్డ నవ్వినపుడో యేడ్చినపుడో, ఆ త్రోవఁ బడవచ్చును. భోగినాఁడు తలపైఁ బోయు రేగుపండ్లు, నానిన సెనగలు, చెఱకు ముక్కలు, నాణెములు అన్నియు నీ కోవలోనివే. వేడుకను మానుఁడని మేము చెప్పము; పోసిన వెంటనే ప్రతి గింజను ఏఱివేయవలెను. బుడ్డలను మెత్తగఁ బొడి కొట్టి యన్నములోఁ గలిపిన హాని లేదు.

గొంతు కడ్డుపడి బిడ్డ గట్టిగా దగ్గుచున్నచో దగ్గనీయవలెను. దగ్గలేక, శబ్దము రాక, పెదవులు నీలమైనచో తల క్రిందికి వంచి, వీపున ఱెక్కల నడుమ అరచేతి మడమతో ఐదు దెబ్బలు కొట్టవలెను. అప్పటికిని రానియెడల, ఏఁడాది దాఁటిన బిడ్డను వెనుకనుండి పట్టుకొని బొడ్డునకుఁ గొంచెము పైన ఐదు మాఱులు లోపలికిని మీఁదికిని నొక్కవలెను. ఏఁడాది నిండని బిడ్డకుఁ బొట్ట నొక్కరాదు. ఱొమ్ము నడుమ నొక్కవలెను. వస్తువు వెలికి వచ్చువఱకు ఈ రెంటిని మార్చి మార్చి చేయుచుండఁగా మఱియొకరు 108కి ఫోను చేయవలెను. కనఁబడని వస్తువునకై నోట వ్రేలు పెట్టి వెదకరాదు. అది మఱింత లోనికిఁ బోవును. తినుచుండఁగా నుక్కిరిబిక్కిరియై, తరువాత దినముల తరబడి పిల్లికూఁతలు వచ్చుచున్నచో జలుబని యూరకుండక వైద్యునికిఁ జూపవలెను. గింజ ఊపిరితిత్తిలో నిలిచియుండవచ్చును.

నీటి సంగతియు నిట్టిదే. ఇంట పదిమంది యున్నపుడు స్నానమునకు బకెట్లు నింపి యుంచుదురు. తలక్రిందుగాఁ బడిన బిడ్డకు రెండంగుళముల నీరును ప్రాణాంతకము. మహానంది కోనేటి నీ రడుగు కనఁబడునంత తేట. అందుచేతనే లోతు తక్కువయని పెద్దలును పొరపడుదురు. అచట బిడ్డ చేయి విడువరాదు.

ఈ మాటలు పెద్దలకుఁ జెప్పువా రెవ్వరు? క్రొత్త కోడలు చెప్పిన నెదిరించినట్లగును. కావున కొడుకే తన తల్లిదండ్రులకు, వారు బస్సు దిగకమునుపే, మెల్లగాఁ జెప్పవలెను. ఇది భార్యపైఁ ద్రోయఁదగిన పని గాదు. ఇంటఁ బెద్ద తరగతుల విద్యార్థు లున్నచో నేలపై రాలిన గింజ లేఱుట, బకెట్లు బోర్లించుట వారు చేయఁగలరు. తిరుగు ప్రయాణమునకు బిడ్డ కునుకు వేళకు సరిపోవు బస్సును జూచి యెక్కవలెను. ఆళ్లగడ్డ దాఁటకముందే కన్ను మూసి, నంద్యాల వచ్చువఱకు ఒడిలో నిద్రించును.