ఒక్క తన్నుకు తట్టుకునే చైన్

చిరంజీవి మేనల్లుడికి,

ఖాజాగూడ గుట్టల మీద నువ్వు తీసి పంపిన వీడియో ఇక్కడ మాంచెస్టర్‌లో చూశాను. వెనక చక్రం మీద నిలబడి బ్యాలెన్స్ పట్టడం నీకు బాగా వచ్చింది, చాలా సంతోషం. కానీ నువ్వు పెడల్ తన్నిన ప్రతిసారీ చైన్ దగ్గర టక్‌మని ఒక చప్పుడు వినపడింది. వీడియో వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ విన్నాను. చైన్ పళ్ల మీద జారుతున్న చప్పుడది. ఫోన్లో అడిగితే, "కొత్తది వేయించాలి మావయ్యా, వీధి చివర షాపులో చవగ్గా ఇస్తానన్నాడు, వేయించెయ్యనా?" అన్నావు. ఆగు. ఈ సంగతి ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. కూర్చుని నిదానంగా చదువు.

మామూలు సైకిల్‌కు చైన్ తెగితే దిగి నడిపించుకుంటూ ఇంటికి పోతాం. నీది ట్రయల్స్ సైకిల్, దానికి సీటే లేదు, ఎప్పుడూ పెడళ్ల మీద నిలబడే ఉంటావు. ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి వెళ్లాలంటే వెనక చక్రం మీద లేచి ఒక్క తన్ను తన్నాలి. నిన్ను అవతలికి చేర్చేది ఆ తన్నే. సరిగ్గా అప్పుడే చైన్ తెగితే కాలి కింద పెడల్ ఒక్కసారిగా దిగిపోతుంది, ఒళ్లంతా ముందుకు తూలుతుంది. మోకాలు పోయి హ్యాండిల్ స్టెమ్‌కు కొట్టుకుంటుంది, లేదంటే మనిషి రెండు బండల సందులో పడతాడు. ఇక్కడ పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఒక కుర్రాడికి ఇలాగే జరగ్గా పక్కనుండి చూశాను. మోకాలు వాచిపోయి చాలా కాలం సైకిల్ ఎక్కలేదు. తర్వాత ఆ చైన్ చేతిలోకి తీసుకుని చూస్తే ఏ లింకూ విరగలేదు. ఒక పక్క ప్లేటు మాత్రం పిన్ను కొస నుంచి ఊడి వచ్చేసింది. ఎందుకు ఊడిందో కాసేపట్లో చెబుతాను.

ముందు నీ చైన్ మీద ఎంత బరువు పడుతోందో లెక్క వేద్దాం. నీ సైకిల్ ముందు పళ్లచక్రానికి 18 పళ్లు. చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 18 పళ్ల చక్రం వ్యాసార్ధం 37 మిల్లీమీటర్ల లోపే. నీ క్రాంక్ పొడవు 165 మిల్లీమీటర్లు. అంటే కాలితో ఎంత బలంగా తొక్కుతావో దానికి నాలుగున్నర రెట్లు చైన్ మీద పడుతుంది. నీ బరువు 65 కిలోలు. హ్యాండిల్ పైకి లాగుతూ తన్నినప్పుడు కాలి కింద దానికి రెట్టింపు పడుతుందనుకున్నా, చైన్ దాదాపు 585 కిలోల లాగుడు భరించాలి. మీ నాన్న సైకిల్‌కు 44 పళ్లుంటే అదే తన్నుకు దాని చైన్ మీద పడేది 240 కిలోలు. సైకిల్ చైన్ కనీసం 8,000 న్యూటన్లు, అంటే సుమారు 815 కిలోలు తట్టుకోవాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. మీ నాన్నకు అందులో మూడో వంతు కూడా ఖర్చు కాదు. నువ్వు రోజూ అంచుకు దగ్గరగా వెళ్లి వస్తున్నావు. పైగా 815 అన్నది కొత్త చైన్‌ను మిషన్ మీద నిటారుగా, నెమ్మదిగా లాగినప్పటి మాట. బండల మీద నువ్వు కొట్టే దెబ్బ నెమ్మదిగానూ ఉండదు, నిటారుగానూ ఉండదు.

ఇంత చిన్న పళ్లచక్రం ఎందుకు పెట్టారని నీకు అనుమానం రావచ్చు. ఈ సైకిల్ ట్రయల్స్ ఆట స్పెయిన్‌లోని కాటలోనియాలో మోటార్‌సైకిల్ ట్రయల్స్ నుంచి పుట్టింది. మోంటెసా మోటార్‌సైకిళ్లు నడిపిన పెరె పి తన కొడుకు ఓట్‌కు సైకిల్ మీద ఇవే విన్యాసాలు నేర్పాడు. ఆ ఓట్ పి పెద్దయ్యాక ప్రపంచ చాంపియన్ అయ్యాడు. రాళ్ల మీద ఎగిరే సైకిల్‌కు కింద ఖాళీ ఎక్కువ కావాలి, ముందు పళ్లచక్రం పెద్దదైతే ప్రతి రాయికీ తగులుతుంది. అందుకే దాన్ని చిన్నది చేశారు. రాళ్ల నుంచి తప్పించుకున్నందుకు మూల్యం చైన్ చెల్లిస్తోంది.

ఇప్పుడు నీ షాపు చైన్ సంగతి. మన ఊళ్లో మామూలు సైకిళ్లకు వేసే చైన్ వెడల్పు 1/8 అంగుళమే, నీకు సరిపోయేదీ అదే కావచ్చు. పళ్ల మీద కూర్చుంది కదా అని అది పనికొస్తుందనుకోకు. పేరూ ఊరూ లేని చైన్‌కు ఉక్కు ఏమిటో, పిన్నుకు గట్టిదనం ఎంత పట్టించారో చెప్పేవాడుండడు. పెట్టె మీద తయారీదారు పేరు, మోడల్ అచ్చుగా ఉన్నది, ఎంత లాగుడు తట్టుకుంటుందో కంపెనీ చెప్పేది కొను. ట్రయల్స్ వాళ్లూ బీఎంఎక్స్ వాళ్లూ ఏళ్లుగా నమ్ముకున్నది తైవాన్‌కు చెందిన కేఎంసీ వాళ్ల కె710. నా ఓటూ దానికే. దానిలోనే బరువు తగ్గించడానికి ప్లేట్లకు చిల్లులు పెట్టిన రకం ఉంది, అది తీసుకోకు. కొన్ని గ్రాముల కోసం ప్లేటులోంచి ఉక్కు తీసెయ్యడం నీకు తగదు. బోలు పిన్నుల చైన్లకూ ఇదే మాట. అసలు పేరున్న చైన్లకు నకిలీలూ వస్తాయి, కాబట్టి ధర మరీ తక్కువగా చెబితే అనుమానించు.

వెడల్పు కొలిచి కొను. 1/8 అంగుళం అంటే 3.2 మిల్లీమీటర్లు, 3/32 అంటే 2.4. సన్నని పళ్ల మీద వెడల్పు చైన్ నడుస్తుంది, వెడల్పు పళ్ల మీద సన్న చైన్ కూర్చోదు. ముందుదీ వెనకదీ రెండు పళ్లచక్రాలూ కొలువు. పది, పదకొండు గేర్ల సైకిళ్ల చైన్ ఎంత ఖరీదైనదైనా నీకొద్దు. గేరు మారడానికి వీలుగా అది పక్కలకు వంగేటట్టు, పలచగా చేసింది. మొత్తం అర లింకులతోనే చేసిన చైన్లు కూడా వస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటిలో ప్రతి ప్లేటూ వంపు తిరిగి ఉంటుంది. నువ్వు లాగిన ప్రతిసారీ ఆ వంపు సాగి తిన్నగా కావాలని చూస్తుంది, చైన్ తొందరగా పొడవవుతుంది. బీఎంఎక్స్ కుర్రాళ్లు వేసుకుంటే వేసుకోనీ.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది అతుకు. పీక్ డిస్ట్రిక్ట్ కుర్రాడి చైన్ మంచి కంపెనీదే. పొడవు తగ్గించడానికి ఒక పిన్ను బయటికి తోసి, మళ్లీ దాన్నే లోపలికి నొక్కి కలిపాడు. ఫ్యాక్టరీలో పిన్ను కొసను కొట్టి, ప్లేటు జారిపోకుండా అంచు పరుస్తారు. చైన్ టూల్‌తో ఆ పిన్నును ప్లేటు దాటించావంటే ఆ అంచు చెక్కుకుపోతుంది. మళ్లీ నొక్కితే పిన్ను లోపలికి పోతుంది, పట్టు మాత్రం తిరిగి రాదు. బయటికి చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. పక్కకు కాస్త మెలిక పడ్డ రోజున ప్లేటు జారి ఊడుతుంది. కాబట్టి ఆ చైన్‌కు ఆ కంపెనీ ఇచ్చిన కొత్త పిన్నో, అతుకు లింకో మాత్రమే వాడు. ఒకసారి విప్పిన అతుకును రెండోసారి వేయకు. చిన్న స్ప్రింగు క్లిప్పుతో కలిపే లాక్ మన పాత సైకిళ్లకు చక్కగా పనిచేస్తుంది. నీ చైన్ కింది వరుస రాళ్లకు రాసుకుంటుంది, ఒక్క గీకుడుకు ఆ క్లిప్పు ఎగిరిపోగలదు. చైన్ మొత్తానికి అతుకు ఒకటే ఉండాలి. పొట్టిదైంది కదా అని పాత ముక్క తెచ్చి కలపకు.

అతుకు వేశాక ఆ లింకును వేళ్లతో అటూ ఇటూ వంచి చూడు. పక్క లింకుల్లాగే సులువుగా ఆడాలి. పిన్ను రెండు కొసలూ ప్లేట్ల బయటికి సమానంగా వచ్చాయో లేదో గోటితో తడిమి చూడు. కంటికి దొరకని తేడా గోటికి దొరుకుతుంది.

బిగింపుకు సైకిల్ వెనక ఇరుసు దగ్గర నత్త ఆకారం బిళ్లలు ఉన్నాయి కదా, రెండూ ఒకే అంకె మీద ఉండాలి. చైన్ మధ్యలో వేలితో ఎత్తితే సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి. క్రాంక్ ఒక చుట్టు తిప్పుతూ నాలుగు చోట్ల చూడు, ఎక్కడో ఒకచోట బిగుసుకుంటుంది, ఆ బిగువు దగ్గరే కొలువు. లూజైతే పళ్ల మీద ఎగురుతుంది. ఎగిరినా నీ మోకాలికి తగిలే దెబ్బ తెగినప్పటిదే. ముందు పళ్లచక్రం, వెనక పళ్లచక్రం ఒకే గీతలో ఉన్నాయో లేదో పొడవాటి స్కేలు ఆనించి చూసుకో. వంకరగా నడిచే చైన్ ప్లేట్లను పక్కకు తోస్తూనే ఉంటుంది. పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే వాటినీ మార్చు, అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే నాకు వినపడిన ఆ టక్ చప్పుడు పోదు. ఒక జాగ్రత్త: నీ ఫ్రీవీల్ ముందు ఉంది, వెనక పళ్లచక్రం వెనక చక్రానికే బిగించి ఉంది. కాళ్లు ఆపినా చక్రం తిరిగినంత సేపూ చైన్ తిరుగుతూనే ఉంటుంది. తిరిగే చైన్ దగ్గరికి గుడ్డతో కానీ వేళ్లతో కానీ పోకు.

చైన్ సాగింది అంటాం కానీ మామూలు చైన్‌లో ఉక్కు సాగదు, పిన్నులు, వాటి చుట్టూ తిరిగే బుష్‌లు అరుగుతాయి. 1880లో ఇదే మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ బుష్ రోలర్ చైన్‌కు పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి దాని ప్రాణం ఆ చోటే ఉంది. కొత్త చైన్ మీద స్కేలు పెడితే 12 అంగుళాల దగ్గర సరిగ్గా పిన్ను మధ్య వస్తుంది. పిన్ను 1/16 అంగుళం దాటిపోయిందంటే అర శాతం అరిగినట్టు. రోడ్డు సైకిళ్ల వాళ్లు ఇంకా కొంత నడిపిస్తారు, నువ్వు అక్కడే ఆపెయ్. అయితే నీ చైన్‌కు అరుగుదల కంటే అలసట ముందు వస్తుంది. నువ్వు పోయే దూరం తక్కువ, కొట్టే దెబ్బలు ఎక్కువ. కొలత బాగున్నా వారానికి నాలుగైదు రోజులు సాధన చేసేవాడు ఆరు నెలలకు చైన్ మార్చాలన్నది నా అభిప్రాయం. ఈలోపు వారానికొకసారి మంచి వెలుతురులో టార్చి పట్టుకుని ఒక్కో లింకూ చూడు. పిన్ను రంధ్రం నుంచి వెంట్రుకలాంటి గీత బయలుదేరిందా, ప్లేటు కాస్త బయటికి వచ్చిందా, రాయి తగిలి నొక్కు పడిందా, ఒక లింకు పంటి మీంచి దిగేటప్పుడు తిన్నగా కాక మొరాయిస్తోందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చైన్ తీసెయ్, ఆ లింకొక్కటే మార్చి నెట్టుకురాకు.

ఆ గుట్టల దుమ్ములో చెకుముకి లాంటి రాతిపొడి ఉంటుంది, నూనెతో కలిస్తే అది పిన్నులను అరగదీస్తుంది. కిరోసిన్‌లో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వెయ్, పైన కనిపించేదంతా గుడ్డతో తుడిచెయ్. మెకానిక్‌లు ఇచ్చే వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, అందులో ఇనుప రజను ఉంటుంది. తుప్పు వదలాలని వెనిగర్‌లోనూ యాసిడ్‌లోనూ నానబెట్టకు. గట్టిదనం పట్టించిన ఉక్కులోకి యాసిడ్ వల్ల హైడ్రోజన్ చేరి, పైకి తళతళలాడుతూనే పెళుసవుతుంది. ఆయిల్ ఒక్క చుక్క కూడా రిమ్ముకు తగలనివ్వకు. బ్రేకు పట్టడానికి రిమ్ము గ్రైండర్‌తో గీయించుకున్నావు కదా, ఆ గీతల్లోకి నూనె పోతే బ్రేకు ఉండదు.

చైన్, చైన్ టూల్, అతుకు లింకులు ఇక్కడి నుంచి పార్శిల్ చేస్తున్నాను. అవి చేరేదాకా ఎత్తైన బండల జోలికి పోకు. నేల మీద సైకిల్‌తో బ్యాలెన్స్ పట్టి నిలబడటం, రెండు చక్రాల మీద గెంతడం సాధన చెయ్, వాటికి అంత తన్ను అక్కర్లేదు. చైన్ బిగించాక అతుకు దగ్గర రెండు వైపులా దగ్గరగా ఫొటో తీసి పంపు. నేను చూసి సరే అన్నాకే గుట్ట ఎక్కు.

ఇట్లు,
మీ మావయ్య