పాత గడ్డికట్టల మిషను కొనేముందు

మా ఊళ్ళో నలుగురు రైతులు కలిసి గడ్డి కట్టలు కట్టే పాత మిషను కొందామనుకుంటున్నారు. దాన్నే బేలర్ అంటారు. మా మామయ్య రెండు సీజన్ల నుంచి అలాంటి మిషను మీద పని చేస్తున్నాడు. సెలవుల్లో ఆయన వెంట తిరిగి చూసినవీ, అడిగి తెలుసుకున్నవీ రాస్తున్నాను.

వరికోత మిషను వెళ్ళాక చేలో గడ్డి వరసలుగా పడి ఉంటుంది. మోపులు కట్టి వాము వేసేవాళ్ళు దొరకక చాలామంది నిప్పు పెట్టేస్తారు. ఎండాకాలంలో పశువులకు మేత కొనుక్కుంటారు! బేలర్ ట్రాక్టరు వెనక నడుస్తూ ఆ గడ్డిని ఇనుప వేళ్ళతో ఏరి, రోలర్ల మధ్య చాపలా చుట్టి, పైన పురికొస తిప్పి, వెనక తలుపు తెరిచి కిందకి వదులుతుంది. గుండ్రటి కట్టకు ముడి ఉండదు, చుట్ల బిగువుకే నిలుస్తుంది. అమెరికాలో 1971లో గ్యారీ వెర్మీర్ తయారుచేసిన రకం వందల కిలోల కట్టలు కడుతుంది. మన దగ్గరి చిన్న రకం కట్టను ఒక మనిషి ఎత్తగలడు.

కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోవద్దు. కొత్త రంగు వేయడానికి ఒక్క పూట చాలు. గొలుసును పళ్ళచక్రం మీద పట్టుకుని బయటికి లాగి చూడాలి. పళ్ళు సగం దాకా కనబడితే గొలుసు సాగిపోయినట్టే. అప్పుడు గొలుసు ఒక్కటే మారిస్తే లాభం లేదు, అరిగిన పళ్ళు కొత్తదాన్ని కూడా తినేస్తాయి. పది నిమిషాలు తిప్పించి, ఇంజను ఆపాక రోలర్ల చివర బేరింగుల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ఏదైనా ఒకటి మిగతావాటికన్నా కాలుతుంటే దాని పని అయిపోయింది. ఇంకోటి, గడ్డి అడ్డం పడితే ముందుగా తెగిపోయేలా ఒక మెత్తటి బోల్టు ఉంటుంది. అది తెగి గేరుబాక్సును కాపాడుతుంది. దాని స్థానంలో గట్టి బోల్టు బిగించి ఉంటే, ఆ మిషనును మొరటుగా వాడారన్నమాట. మామయ్యయితే అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా వద్దంటాడు.

ఖాళీగా ఏ మిషనైనా బాగానే తిరుగుతుంది. చేలో ఐదారు కట్టలు కట్టించాలి. కట్ట దించగానే విడిపోతే పురికొస చుట్టే భాగం చూడాలి. ఒక పక్క లావుగా వస్తే మాత్రం తప్పు డ్రైవరుదే కావచ్చు, గడ్డి వరస మీద సరిగా నడపలేదేమో.

ఇక ముఖ్యమైన సంగతి. ట్రాక్టరు నుంచి బేలరుకు పోయే షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. 60తో భాగించండి, సెకనుకు 9 చుట్లు. లుంగీ కొస తగిలితే "అమ్మో" అనేలోపే 9 చుట్లు చుట్టేస్తుంది. అందుకే షాఫ్టు మీద తొడుగు లేని మిషను అయితే, తొడుగు వేయించేదాకా నడపకూడదు. గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. వెనక తలుపు ఎత్తి ఉంటే ఆపు పెట్టకుండా కిందకి దూరకూడదు.

మంచు తడి ఆరకుండా పని మొదలుపెట్టొద్దు. తడిగడ్డి రోలర్లకు చుట్టుకుంటుంది, కట్టలోపల బూజు పడుతుంది, పశువు ముట్టదు.

రోజూ సాయంత్రం బేరింగుల పక్కన చుట్టుకున్న గడ్డీ, పురికొసా కోసి తీసి, గ్రీజు కొట్టాలి. సీజను అయిపోయాక లోపలి గడ్డి పూర్తిగా దులిపి, గొలుసులకు నూనె రాసి, కొట్టంలో పెట్టాలి. గడ్డి మిగిలితే ఎలుకలు కాపురం పెట్టేస్తాయి, దొరికిన పురికొస కూడా కొరికేస్తాయి.