పాత మియాటాకి కొత్త వెనకదీపాలు

మే నెల వచ్చి, చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకి కొట్టుకుపోయాక, టొరాంటో చుట్టుపక్కల గరాజుల్లోంచి టాపు లేని కార్లు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. మన తెలుగువాళ్ళ గరాజుల్లో కూడా వీటి సంఖ్య మెల్లగా పెరుగుతోంది. పగలల్లా ఇంకొకరి కోడ్‌లో తప్పులు వెతికేవాడికి, శనివారం పూట పానా పట్టుకుని చేతులకి గ్రీజు పూసుకోవడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖానికి అందుబాటు ధరలో దొరికే కారు మాజ్దా మియాటా. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో తొలిసారి చూపించిన ఈ రెండు సీట్ల బుల్లి కారు మొదటి తరం 1997 దాకా తయారయ్యింది. ఇప్పటికీ బోలెడన్ని రోడ్ల మీద తిరుగుతున్నాయి.

ఈ కారు కొన్నవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి: "వెనక లైట్లకి ఎల్‌ఇడి బల్బులు పెట్టుకోవచ్చా?" ప్రశ్న చిన్నదే కానీ, భయం నిజమైనది. మొదటి తరం మియాటా ఎత్తు దాదాపు 122 సెంటీమీటర్లు. హైవే 401 మీద మీ వెనకాల వచ్చేది పికప్ ట్రక్కు అయితే, దాని బానెట్టే మీ నెత్తికన్నా ఎత్తులో ఉంటుంది. మీరు బ్రేకు నొక్కిన సంగతి ఆ ట్రక్కు నడిపేవాడికి చెప్పేవి రెండు ఎర్రదీపాలు, వాటి మధ్య డిక్కీ మీద ఉన్న మూడోది, అంతే. అవి మసకబారితే మిగతా కారు ఎంత బాగున్నా లాభం లేదు.

నా జవాబు "పెట్టుకోవచ్చు, కానీ బల్బు కొనే ముందు పాత బల్బు ఏమేం పనులు చేస్తోందో లెక్క రాసుకోండి" అని. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. పాత సిస్టంలో ఒక మాడ్యూలు తీసి కొత్తది పెడతాం. ఇన్‌పుట్ అదే, అవుట్‌పుట్ అదే. అయినా ఎక్కడో ఏదో విరుగుతుంది. ఎందుకంటే పాత మాడ్యూలు చేసే పనిమీదే కాక, దాని దుష్ప్రభావాల మీద కూడా ఇంకెవరో ఆధారపడి ఉంటారు. కారు బల్బు కూడా సరిగ్గా అలాంటి మాడ్యూలే.

బల్బు జాతకం

ఉత్తర అమెరికా కార్లలో బ్రేకు, టెయిల్ లైట్లకి దశాబ్దాలుగా వాడుతున్నది 1157 అనే బల్బు. మియాటాలోనూ అదే. ఒకే గాజుబుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి బ్రేకుకి: 12.8 వోల్టుల దగ్గర 2.1 ఆంపియర్లు, అంటే సుమారు 27 వాట్లు. రెండోది రాత్రిపూట వెలిగే టెయిల్ లైటుకి: 14 వోల్టుల దగ్గర 0.59 ఆంపియర్లు, అంటే 8 వాట్లు. వెలుగులో చూస్తే పెద్దది 32 కాండిల్ పవర్, చిన్నది 3. ఈ 32, 3 అంకెలు గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇక ఎల్‌ఇడికి ఉన్న అసలైన గొప్ప ఏమిటంటే వేగం. ఫిలమెంటు వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఎల్‌ఇడికి ఆ ఆలస్యం దాదాపు లేనే లేదు. గంటకి 100 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 27.8 మీటర్లు. 0.2 సెకనులో వెనకబండి ఐదున్నర మీటర్లు వచ్చేస్తుంది. మియాటా మొత్తం పొడవే నాలుగు మీటర్లు! కాబట్టి వెలుగు పెరిగినా పెరగకపోయినా, ఈ ఒక్క కారణానికే బ్రేకు దీపం మార్చుకోవడం న్యాయం అని నా అభిప్రాయం. కరెంటు ఆదా, బల్బు ఆయుర్దాయం లాంటివి అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాస్తారు గానీ, వారానికి రెండు రోజులు తిరిగే కారుకి వాటితో పెద్దగా పని లేదు.

ముందు వైరు సంగతి చూడండి

చాలామంది నేరుగా బల్బు దగ్గరికి పోతారు. నన్నడిగితే మొదటి శనివారం బల్బు ముట్టుకోకుండా మల్టీమీటరుతో గడపాలి. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజికి సరళ నిష్పత్తిలో ఉండదు, సుమారుగా వోల్టేజి 3.4వ ఘాతం ప్రకారం మారుతుంది. 12.8 వోల్టులు అందవలసిన చోట 11.5 మాత్రమే అందిందనుకుందాం. తగ్గింది పది శాతమే. కానీ వెలుగు ముప్ఫై శాతం పడిపోతుంది. ముప్ఫై ఏళ్ళు కెనడా ఉప్పు తిన్న కారులో పది శాతం వోల్టేజి పోవడం వింతేమీ కాదు. తుప్పు పట్టిన గ్రౌండు బోల్టు, పచ్చగా చిలుము పట్టిన సాకెట్టు, అరిగిపోయిన బ్రేకు స్విచ్చి, తలా కాస్తా మింగేస్తాయి.

కొలిచే పద్ధతి తేలిక. ఇంట్లోవాళ్ళని బతిమాలి బ్రేకు నొక్కించి పట్టండి. మీటరు నల్లతీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్రతీగ బల్బు సాకెట్టు బయటి లోహం మీద పెట్టండి. ఆదర్శంగా సున్నా రావాలి. 0.2 వోల్టులు మించితే గ్రౌండు బాగాలేదన్నమాట. తర్వాత ఇదే పని బ్యాటరీ పాజిటివ్‌కీ సాకెట్టు లోపలి బ్రేకు కొనకీ మధ్య చెయ్యండి. ఎక్కడ పోతోందో దొరికాక, ఆ బోల్టు విప్పి, కింది లోహం మెరిసేదాకా గీకి, బిగించి, పైన కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు పూయండి. సాకెట్టు లోపల చిన్న వైరు బ్రష్షుతో రుద్దండి. దానితోపాటు లెన్సు లోపలా బయటా కడగండి. ఎండకి వెలిసిన ప్లాస్టిక్‌ని పాలిష్‌తో రుద్దితే సగం ప్రాణం తిరిగొస్తుంది.

అన్నట్టు, ఆ లెన్సు పగలగొట్టకుండా జాగ్రత్తగా విప్పండి. గుండ్రటి అంచులతో ఉన్న ఈ మొదటి తరం మియాటా వెనకదీపం డిజైన్ న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో చేరింది. మొత్తం దీపాన్నే పీకేసి, నల్లరంగు పూసిన చవక ఎల్‌ఇడి దీపాలు తగిలించేవాళ్ళని చూస్తే నాకు గుడిగోపురానికి ఆయిల్ పెయింటు వేసినట్టు ఉంటుంది. కాబట్టి ఈ వ్యాసం అసలు దీపం ఉంచి, లోపలి బల్బు మాత్రం మార్చేవాళ్ళ కోసం.

ఎర్ర లెన్సు వెనక తెల్ల ఎల్‌ఇడి ఎందుకు పనికిరాదు?

ఫిలమెంటు ఇచ్చే వెలుగులో ఎరుపు పాలు దండిగా ఉంటుంది. లెన్సు మిగతా రంగుల్ని మింగేసి ఆ ఎరుపుని బయటికి వదులుతుంది. తెల్ల ఎల్‌ఇడి కథ వేరు. నిజానికి అది నీలం ఎల్‌ఇడి. 1993లో షుజి నకమురా వెలుగులోకి తెచ్చిన నీలం ఎల్‌ఇడి మీద పసుపు ఫాస్ఫర్ పూత పూస్తే మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపులో అసలు ఎరుపు చాలా తక్కువ. ఎర్ర లెన్సు దానిలో ఎక్కువ భాగాన్ని వృథాగా ఆపేస్తుంది. వచ్చేది కాస్త మసకగా, ఒక్కోసారి గులాబీ ఛాయతో ఉంటుంది. ఎర్ర ఎల్‌ఇడి మాత్రం పుట్టుకతోనే 620–630 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, లెన్సు దాన్ని హాయిగా పోనిస్తుంది. అందుకే సూత్రం ఒకటే: ఎర్ర లెన్సుకి ఎర్ర ఎల్‌ఇడి, నారింజ లెన్సుకి నారింజ ఎల్‌ఇడి, రివర్సు దీపానికి తెల్లది.

రంగు తర్వాత దిక్కు. ఫిలమెంటు సన్నటి తీగ, అన్ని దిక్కులకీ వెలుగు చిమ్ముతుంది. దీపం లోపలి అద్దం లాంటి రిఫ్లెక్టరు ఆ తీగ ఫలానా చోట ఉంటుందని నమ్మి, పక్కలకి పోయిన వెలుగుని పోగుచేసి వెనక్కి తిప్పుతుంది. తలమీద మాత్రమే చిప్‌లు ఉన్న ఎల్‌ఇడి బల్బు పెడితే రిఫ్లెక్టరుకి పని లేకుండా పోతుంది. నేరుగా వెనక నిలబడి చూస్తే కళ్ళు జిగేల్‌మంటాయి, నాలుగడుగులు పక్కకి జరిగితే దీపం నల్లబడుతుంది. పక్క లేనులోంచి మీ వెనక్కి మారే బండివాడు చూసేది ఆ పక్క కోణాన్నే. కాబట్టి ఒంటి చుట్టూ చిప్‌లు ఉన్న బల్బు, చిప్‌లు పాత ఫిలమెంటు ఎత్తులోనే ఉన్న బల్బు ఎంచుకోండి. ల్యూమెన్ల లెక్క చూసి మోసపోవద్దు.

ఇప్పుడు ఆ 32, 3 అంకెల దగ్గరికి వద్దాం. రాత్రి మీ వెనక వచ్చేవాడు టెయిల్ లైటుని ఎప్పుడూ చూస్తూనే ఉంటాడు. బ్రేకు పడిందని అతనికి చెప్పేది వెలుగు కాదు, వెలుగులో మార్పు. పాత బల్బు ఆ మార్పుని పది రెట్లు చూపించేది. అమెరికా ప్రమాణం కూడా ఇలా ఒకే గదిలో ఉన్న బ్రేకు దీపం, టెయిల్ దీపం కన్నా సూటిగా చూసినప్పుడు కనీసం 5 రెట్లు వెలగాలంటుంది. చవక ఎల్‌ఇడి బల్బుల్లో ఈ తేడా రెండు మూడు రెట్లకి పడిపోవడం మామూలే, ఎందుకంటే టెయిల్ లైటు కాంతివంతంగా ఉంటే కొన్నవాడు మురిసిపోతాడు! నా లెక్కలో ఈ మార్పిడి మొత్తంలో ఇదే అతి ప్రమాదకరమైన తప్పు. పగలు ఎవరికీ తెలియదు, రాత్రి వానలో తెలుస్తుంది.

పరీక్ష ఇలా చెయ్యండి. ఎడమవైపు కొత్త బల్బు, కుడివైపు పాత బల్బు పెట్టండి. పదిహేను మీటర్లు వెనక్కి వెళ్ళి, కెమెరా ఎక్స్‌పోజరు లాక్ చేసి, టెయిల్ ఒక్కటే వెలిగినప్పుడు ఒకటి, బ్రేకు పడినప్పుడు ఒకటి ఫొటో తీయండి. అదే మళ్ళీ 45 డిగ్రీల పక్కనుంచి, అదే మళ్ళీ మిట్టమధ్యాహ్నం ఎండలో. ఏ ఒక్క ఫొటోలో కొత్తది పాతదానికి తీసికట్టుగా ఉన్నా ఆ బల్బు వెనక్కి పంపేయండి.

ఇండికేటరు ఎందుకు పిచ్చెక్కుతుంది?

ఎల్‌ఇడి పెట్టగానే ఇండికేటరు టకటకా రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. ఇది లోపం అనుకుంటారు. నిజానికి ఇదొక ఎర్రర్ మెసేజి. పాత ఫ్లాషరు యూనిట్ తనగుండా పోయే కరెంటుని గమనిస్తుంది. ముందొకటి, వెనకొకటి, 27 వాట్ల బల్బులు రెండూ ఉంటే నాలుగు ఆంపియర్ల పైచిలుకు. ఒకటి మాడిపోతే సగానికి పడుతుంది. అప్పుడు వేగంగా కొట్టి డ్రైవరుకి చెబుతుంది. ఎల్‌ఇడి తాగేది ఆంపియరులో ఏ నాలుగో వంతో కాబట్టి, బల్బు మాడిపోయిందనే అది నమ్ముతుంది.

దీనికి బజారులో దొరికే మందు 6 ఓముల రెసిస్టరు. బల్బుకి సమాంతరంగా కలిపితే 13.5 వోల్టుల దగ్గర 2.25 ఆంపియర్లు లాగుతుంది. అంటే కరెంటు ఆదా కోసం పెట్టిన ఎల్‌ఇడి పక్కన 30 వాట్ల పొయ్యి పెట్టుకున్నట్టు! హజార్డ్ లైట్లు కాసేపు వెలిగితే చెయ్యి కాలుతుంది. ప్లాస్టిక్‌కో కార్పెట్‌కో ఆనించి వదిలేస్తే కరిగిపోతుంది. తప్పనిసరైతే లోహపు పలకకే బిగించండి. అంతకన్నా ఫ్లాషరునే ఎల్‌ఇడికి సరిపడే ఎలక్ట్రానిక్ ఫ్లాషరుతో మార్చడం శుభ్రమైన పద్ధతి. పిన్నుల వరస మీ కారుదో కాదో చూసి కొనండి. ఒక చిక్కుంది. ఆ తర్వాత బల్బు నిజంగా పోయినా చెప్పేవాళ్ళుండరు, నెలకోసారి మీరే చుట్టూ తిరిగి చూసుకోవాలి. అందుకే ఇండికేటర్లకి పాత బల్బులే ఉంచి, బ్రేకు దీపాలు మూడూ మాత్రం మార్చుకుంటే చాలని నేనంటాను.

కొన్ని పాత కార్లలో ఇంకో తమాషా ఉంది. క్రూయిజ్ కంట్రోలు, బ్రేకు బల్బు ఫిలమెంటు గుండా గ్రౌండు అందుతోందా లేదా అని చూస్తుంది. ఎల్‌ఇడి పెడితే ఆ దారి మూసుకుపోయి క్రూయిజ్ పనిచెయ్యదు. బల్బు మార్చినవాడు ఆ రెంటికీ సంబంధం ఉందని కలలోనైనా ఊహించడు.

చట్టం, చలి

కెనడాలో ఫెడరల్ ప్రమాణం సి.ఎం.వి.ఎస్.ఎస్. 108 కారు తయారీకీ దిగుమతికీ వర్తిస్తుంది. అమ్మిన తర్వాత కారు ఎలా ఉండాలన్నది ప్రావిన్సు చేతిలో పని. లెన్సు మీద ఉన్న గుర్తులు, ఆ దీపం తనకు ఉద్దేశించిన బల్బుతో పరీక్ష నెగ్గిందనడానికి సాక్ష్యం. ఎల్‌ఇడి పెడితే ఆ సాక్ష్యం మీకు వర్తించదు. చాలా అట్టపెట్టెల మీద "ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే" అని చిన్న అక్షరాల్లో ఉండేది అందుకే. మీ ప్రావిన్సు నిబంధన, మీ ఇన్సూరెన్సు కంపెనీ మాట ముందే కనుక్కోండి. బ్రేకు నొక్కగానే మిణుకుమిణుకుమనే మూడో దీపం జోలికి మాత్రం పోవద్దు. ఒంటారియో హైవే ట్రాఫిక్ చట్టం, హజార్డ్ లైట్లు మినహా, ఎర్రగా మిణుకుమనే దీపాల్ని అత్యవసర వాహనాల వంటివాటికే పరిమితం చేసింది.

ఇంకొకటి. 1989 డిసెంబరు 1 తర్వాత తయారైన కార్లకి కెనడాలో పగటిపూట ముందు దీపాలు తప్పనిసరి. అయితే అవి వెలిగినప్పుడు వెనకదీపాలు వెలగాలని లేదు. మునిమాపు వేళ ముందు వెలుగు చూసుకుని అంతా బాగుందనుకుని, వెనక చీకటిగా పోయే కార్లు దీని ఫలితమే. ట్రాన్స్‌పోర్ట్ కెనడా కొత్త నియమంతో దీన్ని సరిదిద్దింది గానీ, అది 2021 సెప్టెంబరు నుంచి తయారైన కార్లకే. పాత కారులో స్విచ్చి తిప్పడం మన బాధ్యతే. మియాటాలో మొదటి మెట్టు తిప్పితే ముందు దీపాల కళ్ళు లేవకుండానే వెనకదీపాలు వెలుగుతాయి. టాపు తీసి తిరిగేటప్పుడు పగలైనా ఆ మెట్టు మీద ఉంచండి.

చలి సంగతి చివరిది. 27 వాట్ల బల్బు వేడి, లెన్సు మీద పడిన మంచుని ఎంతో కొంత కరిగించేది. ఎల్‌ఇడి లెన్సు చల్లగా ఉంటుంది, మంచు అట్టకట్టి కూర్చుంటుంది. నవంబరులో కారుని గరాజులో పడుకోబెట్టేవాళ్ళకి దిగులు లేదు. చలికాలం కూడా నడిపేవాళ్ళు ప్రతి ప్రయాణానికి ముందు బ్రష్షుతో వెనకదీపాలు తుడవాలి, దారిలో ఆగిన ప్రతిచోటా మళ్ళీ చూసుకోవాలి. తీసిన పాత బల్బుల్ని పారెయ్యకుండా గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచండి. దారిలో ఎల్‌ఇడి మొరాయిస్తే రెండు నిమిషాల్లో పెట్టుకోవచ్చు, కారు అమ్మే రోజున కొన్నవాడికీ ఇవ్వొచ్చు.