తల్లి కువైట్‌లో ఉంటే ఫిర్యాదు ఎవరివ్వాలి?

రాజోలు, అమలాపురం, కొత్తపేట పల్లెల్లో ఎందరో తల్లులు కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. వీడియో కాల్‌లో తల్లి ‘అన్నం తిన్నావా, ఫీజు కట్టారా’ అని అడుగుతుంది. చుట్టూ చుట్టాలుంటారు. ఆ గుంపులో ఒంటి సంగతి ఏ పిల్లా చెప్పలేదు. కడుపునొప్పి అంటుంది. ట్యూషన్‌కి వెళ్లనంటుంది. మావయ్యగారింట్లో పడుకోనంటుంది.

ఎవరో లైంగికంగా వేధించారన్న అసలు సంగతి తెలిశాక కేసు పెట్టడానికి తల్లి వచ్చేదాకా ఆగక్కర్లేదు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పొచ్చు, చెప్పి తీరాలి కూడా. అమ్మమ్మ, పక్కింటావిడ, టీచరు, ఆశా కార్యకర్త, ఎవరైనా సరే. దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన సిబ్బంది చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికైతే ఏడాది వరకు జైలు, జరిమానా. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు. పెద్దల్లో పెట్టి సర్దేయడానికి ఇది గట్టు తగాదా కాదు.

పరువు పోతుందని జంకుతారు. ఆ భయం నాకు తెలుసు. అయితే పిల్లను స్టేషన్‌కు తిప్పనక్కర్లేదు. వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, అదీ యూనిఫాం లేకుండా రావాలి. ఆడపిల్లకు లేడీ డాక్టరే పరీక్ష చేయాలి. ప్రత్యేక కోర్టు అనుమతిస్తే తప్ప పేరు, ఇల్లు, బడి ఏవీ మీడియాలో రాకూడదు. మగపిల్లలకూ ఇదే రక్షణ. లైంగిక ఉద్దేశంతో బట్టల మీంచి తాకినా నేరమేనని సుప్రీంకోర్టు 2021 నవంబరు 18న తేల్చిచెప్పింది.

ఇదంతా కదలాలంటే జరిగింది తప్పని పిల్లకు తెలియాలి. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007 అధ్యయనంలో వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారే. 2020 పోక్సో నిబంధనలు వయసుకు తగిన భద్రతా పాఠాలు తయారుచేయాలని ప్రభుత్వాలకు చెప్పాయి. బడి పుస్తకాల్లో కౌమార దశ పాఠం ఉంది. టీచరు ‘ఇంటికెళ్లి చదువుకోండి’ అని దాటేస్తే పేరెంట్స్ మీటింగ్‌లో నిలదీయండి. అంతకుముందే ఇంట్లో మర్మాంగాల పేర్లు, నెలసరి, ఎవరు తాకితే ఎవరికి చెప్పాలో నేర్పండి. చెప్తే చెడిపోతారంటారు, తెలియని పిల్లే దుర్మార్గుడికి సులువుగా దొరుకుతుంది.

పిల్లల సహాయానికి 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. అత్యవసరమైతే 112. ఉచిత న్యాయ సహాయానికి 15100. స్త్రీలకు, పిల్లలకు ఆదాయ పరిమితి లేదు. పిల్ల చెప్పింది చెప్పినట్టే రాసిపెట్టుకోండి, పదేపదే అడగకండి. ఆనాటి బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి పోలీసులకివ్వండి.