షుగర్‌కు ఇచ్చిన గడువు కర్రీ పాయింట్‌కూ ఇవ్వండి

ప్రశ్న: నడక, తిండి మార్పులతో షుగర్ అదుపులోకి తెచ్చుకున్నాను. నా కర్రీ పాయింట్ విషయంలో మాత్రం ఆ ఓపిక ఉండటం లేదు. నాలుగు రోజులు అమ్మకం తగ్గితే చాలు, కూరలు, ధరలు మార్చేస్తున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఓపిక మీకు ఉందండీ, షుగర్ విషయంలో చూపించారు కదా. హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలలకోసారి ఎందుకు చేయిస్తారో గుర్తు చేసుకోండి. ఆ పరీక్ష కొలిచేది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను. ఆ కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే ఆ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది. ఒక్క పెళ్లి భోజనం దాన్ని తారుమారు చేయదు.

గల్లాపెట్టెనూ అలాగే చూడండి. కార్తీకంలో మాంసం కూరలు మిగిలిపోతే అది మీ వంట తప్పు కాదు. ఈ సోమవారాన్ని పోయిన సోమవారంతోనే పోల్చండి. ధర మార్చినప్పుడు కూరలు మార్చొద్దు. రెండూ కదిపితే దేనివల్ల ఏమైందో తెలియదు. అద్దె, సరుకు బాకీలు మాత్రం మూడు నెలలు ఆగవు, వాటిని వారం వారం చూసుకోవాల్సిందే.

వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది వేళ. అన్నం వండుకుని కూర కోసం వచ్చినవాళ్లకు మూసిన షట్టర్ కనిపిస్తే పక్క షాపు అలవాటవుతుంది. తెరిచే వేళ, పప్పు రుచి మారకుండా ఒక మూడు నెలలు నడపండి. ధరల సంగతి ఆ తర్వాత, లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని ఆలోచించండి.