టస్కనీ పెళ్ళికి వెళ్ళే చుట్టాలు

చిరంజీవి చిన్నారికి పెద్దమ్మ ఆశీస్సులు.

స్నేహితురాలి పెళ్ళి ఇటలీలోని టస్కనీలో అనీ, ఇక్కణ్ణుంచి వెళ్ళేవాళ్ళ ప్రయాణం పనులు నీకే అప్పజెప్పారనీ రాశావు. సంతోషం. మన ఊళ్ళో పెళ్ళయితే విడిదింట్లో వేడినీళ్ళు రాకపోయినా, ఎవరికైనా తలనొప్పి వచ్చినా పరుగెత్తడానికి పది మంది ఉంటారు. పరాయి దేశంలో పెళ్ళివారికే ఊపిరి సలపదు. తన కాగితాలు, తన మందులు, తన సామాను తానే చూసుకునే అతిథి అక్కడ పెళ్ళివారి పాలిట దేవుడు. వాళ్ళకు అంతకు మించిన చదివింపులు అక్కర్లేదు.

2023 నవంబరు 1న సినిమా నటులు వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి టస్కనీలోని బోర్గో సాన్ ఫెలీచేలో పెళ్ళి చేసుకున్నాక ఆ ప్రాంతం పేరు తెలుగిళ్ళలో బాగా వినబడింది. అంతకు ముందు, 2017 డిసెంబరులో, విరాట్ కోహ్లీ, అనుష్క శర్మల పెళ్ళి కూడా టస్కనీలోనే జరిగింది. ఫోటోల్లో ద్రాక్షతోటలు, రాతి ఇళ్ళు కనిపిస్తాయి. ఆ పెళ్ళిచోట్లు కొండల మధ్య ఉన్న పల్లెలన్న సంగతి అతిథులకు దిగాక తెలుస్తుంది. బస్సులు తక్కువ, టాక్సీ పిలవగానే రాదు. విమానాశ్రయం నుంచి పెళ్ళిచోటికి బండి ఎవరు పెడుతున్నారో టికెట్లు కొనకముందే అడిగి తెలుసుకోవాలి.

వీసా విషయంలో మాత్రం ఏ కొంచెం బద్ధకమూ పనికిరాదు. ఇటలీ, ఫ్రాన్స్ లాంటి దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆలస్యమైతే 15 రోజుల ముందు వరకు. కానీ ఆ చివరి గడువును నమ్ముకున్నవాళ్ళు పెళ్ళిని ఫోనులో చూడాల్సి వస్తుంది, ఎందుకంటే వేసవి సీజనులో అపాయింట్‌మెంటు దొరకడమే గగనం. పాస్‌పోర్టు పదేళ్ళలోపు ఇచ్చిందై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పెళ్ళయ్యాక పారిస్ చూసొద్దామనుకునేవాళ్ళు రోజులు లెక్కపెట్టుకోవాలి. ఇటలీలో నాలుగు రోజులు, ఫ్రాన్స్‌లో ఆరు రోజులు గడిపేవారు దరఖాస్తు ఫ్రాన్స్‌కే పెట్టాలి.

మనవాళ్ళకు ఇంకో చిక్కు ఇంటిపేరుతో వస్తుంది. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకొకరికి ఆ గడే ఖాళీ. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఈ ఒక్క పని అందరి తరఫునా నువ్వే కూర్చుని సరిచూడు.

దారిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారేవారికి ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. 2025 అక్టోబరు 12 నుంచి ముద్ర వేయడానికి బదులు ఫోటో తీసి వివరాలు కంప్యూటరులో ఎక్కించే పద్ధతి మొదలైంది. క్యూలు పొడుగు. రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉంచు.

ఇక సామాను. ఏ తెలుగు పెళ్ళికైనా అత్తయ్యలు, పిన్నులు సంచులు నింపకుండా బయల్దేరరు. యూరప్‌కు మాత్రం పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తీసుకెళ్ళకూడదు. అంటే డబ్బాడు నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి ఇంట్లోనే ఆగిపోవాలి. తోరణానికి మామిడాకులు, తాంబూలానికి తమలపాకులు, పోపులోకి కరివేపాకు కూడా అంతే. పచ్చి ఆకులకూ పండ్లకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం అక్కర్లేని పండ్లు అయిదే అయిదు: కొబ్బరి, అరటి, ఖర్జూరం, అనాస, దురియన్. కొబ్బరికాయ, అరటిపండు ఆ జాబితాలో ఉండడం మన పెళ్ళిళ్ళకు కలిసొచ్చిన అదృష్టం! పసుపు, కుంకుమ డబ్బాలకు సీలు తీయకుండా, పేరు కనబడేట్టు పెట్టుకుంటే తనిఖీలో మాటలు తగ్గుతాయి. బీపీ, షుగరు మందులు, ఇన్సులిన్ డాక్టరు చీటీతో సహా చేతిసంచీలోనే ఉండాలి. పవర్‌బ్యాంకు కూడా అందులోనే. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి గోడకు పట్టదు కాబట్టి అడాప్టరు కొనుక్కోవాలి.

బట్టల సంగతి కొంచెమే. జులైలో ఎండ మన ఏప్రిల్‌ను గుర్తుచేస్తుంది, నవంబరులో చలి, వాన. పట్టుచీర మీదకు శాలువా, రాళ్ళు పరిచిన వీధుల్లో నడవడానికి చదునైన చెప్పులు ఉండాలి. చర్చిలోకి వెళ్ళాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి.

కారు అద్దెకు తీసుకుంటామని అబ్బాయిలు ముందుకొస్తారు. మన లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలని చెప్పు. ఫ్లోరెన్స్, సియెనాల్లో పాత ఊరి లోపలికి అనుమతి లేని కార్లు వెళ్ళకూడదు. కెమెరా నంబరు పట్టుకుంటుంది, జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది.

చివరగా నగలు. హారాలు, వడ్డాణాలు పెట్టుకెళ్ళేవాళ్ళు బయల్దేరే రోజు మన విమానాశ్రయంలోనే కస్టమ్స్ వారికి వాటిని చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఉంటే తిరిగొచ్చేటప్పుడు ఇవి ఇక్కణ్ణుంచి వెళ్ళిన నగలేనని చూపించవచ్చు, సుంకం గొడవ ఉండదు. విలువ కట్టిన రసీదులు, నగల ఫోటోలు వెంట ఉంచుకోమని, విమానాశ్రయానికి ఇంకో గంట ముందే రమ్మని అందరికీ ఈ వారమే ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ