కూలి లేని పనికి మేస్త్రి

నాయకత్వమును గూర్చి మన కాలమున వెలువడుచున్న గ్రంథములలో పెక్కింటికి ఒక లోపము కలదు. అవి కార్యాలయమును, కర్మాగారమును దృష్టియందుంచుకొని వ్రాయబడినవి. అచ్చట నాయకుని మాట చెల్లుటకు అతని గుణమెంత కారణమో, నెలాఖరున చేతికందు జీతమెంత కారణమో వేరుచేసి చెప్పుట ఎవ్వరి తరమును కాదు. ఉద్యోగము పోవునను భయమును, పదోన్నతి లభించునను ఆశయు ఇరుప్రక్కల ఊతకఱ్ఱలై నిలిచియుండగా నడచు అధికారి, తాను తన కాళ్ల బలముననే నడచుచున్నానని అనుకొనుట సహజము. ఆ కఱ్ఱలు తీసివేసి తన్ను తాను పరీక్షించుకొనగోరువాడు కూలి లేని పనికి మేస్త్రియై ఒక దినము నిలువవలయును.

అట్టి పని పెద్దయెత్తున జరుగుచున్న తావులలో అమెరికా తూర్పు భాగమునందలి అపలాచియన్ కాలిబాట యొకటి. జార్జియా రాష్ట్రమందలి స్ప్రింగర్ కొండ మొదలుకొని మెయిన్ రాష్ట్రమందలి కటాడిన్ శిఖరము వరకు, 14 రాష్ట్రముల గుండ, సుమారు 2,190 మైళ్లు సాగు ఈ బాటను బెంటన్ మెకై అను అటవీశాస్త్రజ్ఞుడు 1921లో వాస్తుశిల్పుల పత్రికయందొక వ్యాసమున ప్రతిపాదించెను. 1937 నాటికి అది కొసనుండి కొస వరకు ఏర్పడెను. చెట్ల మీద రెండంగుళముల వెడల్పు, ఆరంగుళముల పొడవు గల తెల్లని పట్టీలు పాదచారికి దారి చూపును. ఈ బాటను నేటికిని బాగుచేయుచున్నవారిలో అత్యధికులు సుమారు 30 స్థానిక సంఘములకు చెందిన స్వచ్ఛంద సేవకులు. వారమంతయు కచేరీలలోను, బడులలోను, ఆసుపత్రులలోను పనిచేసి, శనివారమున గడ్డపారయు రంపమును చేతబట్టుకొని కొండ యెక్కువారు. వీరిలో ఏ యొక్కరిపైనను నాయకునకు ఏ విధమైన అధికారమును లేదు. మాట నచ్చనివాడు మరుసటి శనివారము రాడు. అంతకుమించి ఫిర్యాదు సైతము చేయడు.

ఇట్టివారిని ఏమి చూపి నడుపవలయును? మొదట, పనిలోని రహస్యమును విప్పి చూపవలయును. కొండబాటకు శత్రువు నీరు. వాలున పడిన వాననీరు బాటలోనికి దిగినచో బాటనే కాలువగా చేసికొని పరుగిడును. పరుగు హెచ్చినకొలది మన్నును కోసికొనిపోవును. మన్ను పోగా వేళ్లును రాళ్లును పైకి తేలును. వానిని తప్పించుకొన జూచు పాదచారులు ప్రక్కనున్న పచ్చికను త్రొక్కుదురు. ఇట్లు రెండడుగుల బాట కొన్నియేండ్లలో పదియడుగుల బురదచాలుగా మారును. అందుచేతనే అనుభవజ్ఞులు బాట యొక్క ఏటవాలు కొండ యొక్క ఏటవాలులో సగమునకు మించరాదనియు, మొత్తముమీద నూటికి పదిపాళ్లలోపున నుండుట మేలనియు, నడుచు తలము వెలుపలి యంచువైపునకు కొంచెము వాలియుండవలెననియు, ఏండ్ల తరబడి నడకచే ఆ యంచున పేరుకొనిన మట్టిగట్టును చెక్కివేసి నీటికి త్రోవ యీయవలెననియు, వాలు తీవ్రమైన చోట్ల బండరాయినో దుంగనో బాటకు ఐమూలగా పాతి ప్రవాహమును ప్రక్కకు మళ్లింపవలెననియు నిర్ణయించుకొనిరి.

ఇంతయు తెలిసిన నాయకుడు రెండు విధములుగా మాటలాడవచ్చును. ఇచ్చట ఇంత లోతు త్రవ్వుడని చెప్పి తానావలకు పోవచ్చును. లేదా, మొన్నటి వానకు నీరెటనుండి వచ్చి ఎట పోయినదో ఆకులు కొట్టుకొనిపోయిన జాడనుబట్టి చెప్పుడని వారినే అడుగవచ్చును. మొదటి పద్ధతిని కాలము కలిసివచ్చును గాని, త్రవ్వెడివానికి ఆ గొయ్యి తప్ప వేరేమియు అబ్బదు. రెండవ పద్ధతిని అరగంట పట్టును; అటుపిమ్మట ఆ మనిషి మరియొక వంపు కడ ఎవ్వరును చెప్పకయే ఆగి, ఇచ్చటను నీరు నిలుచునట్లున్నదే యని వంగి చూచును. వాన కురియుచుండగా గొడుగు వేసికొని పోయి బాటను చూచి రండని పాతవారు క్రొత్తవారికి చెప్పుటయు ఇందులకే. జీతగానికి ఆజ్ఞ చాలవచ్చును. ఇచ్ఛతో వచ్చినవానికి కారణము చెప్పుట అతనికీయదగిన కనీస మర్యాద.

పిదప, ఎవరికేమి వచ్చునో అడిగి తెలిసికొనవలయును. ఈ విషయమున మన వాల్మీకి చెప్పిన సేతుబంధన కథను మించిన దృష్టాంతము నాకు తోచదు. నలుడు విశ్వకర్మ పుత్రుడు, సేతునిర్మాణ సమర్థుడు. అయినను సముద్రుడు పేరెత్తి చెప్పువరకు ఆతడు నోరు మెదపలేదు. అడుగనిదే తన గుణములను తాను చెప్పుకొనజాలకపోతినని తరువాత సంజాయిషీ యిచ్చుకొనెను. ప్రతి గుంపునందును ఇట్టి నలుడొకడు వెనుక వరుసలో మౌనముగా నిలిచియుండును. రాళ్ల పని యెఱిగిన ముసలాయనయో, రంపమునకు పదును పెట్ట నేర్చిన నడివయసు గృహిణియో. మరియొక విశేషము. ప్రచారమునందున్న పాఠము ననుసరించి వానరులు మొదటి దినమున 14 యోజనములు, పిదప వరుసగా 20, 21, 22, 23 యోజనములు కట్టి ఐదు దినములలో నూఱు పూర్తి చేసిరి. సముద్రము అయిదు దినములును ఒక్కటియే. చేతులు పని నేర్చినవి. మొదటి దినమున పదునాలుగింటికి సంతోషింపలేని నాయకుడు అయిదవ దినపు ఇరువదిమూడింటిని చూడడు.

నిపుణుడైన నాయకునకు ఇచ్చటనే పరీక్ష. నలుగురు క్రొత్తవారు గంటసేపు చెమటోడ్చి ఒక మెట్టురాయిని గోతిలోనికి దించిరి, అది కదలుచున్నది. తాను గడ్డపార అందుకొనినచో పది నిమిషములలో సరిపోవును. చేయి దురదపెట్టును. కాని వారి కన్నులెదుట వారి పనిని తాను దిద్దినచో, రాయి నిలుచును, వారు నిలువరు. రాతిపై మీరే యెక్కి నిలిచి చూడుడని చెప్పి ఊరకుండుట మేలు. కదలిక వారి పాదములకే తెలియును, అడుగున ఏ మూల చిన్నరాయి దోపవలెనో వారే వెదకుకొందురు. ఊరకుండుట సోమరితనమని తలచువారు ఒకసారి అభ్యసించి చూడవలయును. త్రవ్వుటకంటె అది కష్టము. సాయంకాలమునకు ముగియునంత పనినే ఉదయమున పంచుటయు, మధ్యాహ్నము ఎవరు నీరు త్రాగలేదో కనిపెట్టుటయు, దిగునపుడు అందరికంటె వెనుక నడచుటయు చిన్నవిగా కన్పట్టును గాని, మనుష్యులు మరల వచ్చుటకు మూలమివియే.

ఇంత మృదువుగా నుండవలసిన నాయకుడు ఒక్క విషయమున మాత్రము మెత్తబడరాదు. పనిముట్టును భుజముపై వేసికొని నడచుట మన పల్లెలలో వాడుక. ఈ బాటలపై అది నిషిద్ధము. ఏలనగా జారిపడినచో దానిని విసరివేయుటకు వీలుండదు. దానిని చేతబట్టి, లోయవైపు నుంచుకొని, ముందువానికి ఎడముగా నడువవలయును. ఒకవైపు గొడ్డలి, మరియొకవైపు త్రవ్వుకోల గల ‘పులాస్కీ’ యను పనిముట్టు ఈ గుంపులలో ప్రసిద్ధము. దానికా పేరు వచ్చుటకు కారకుడైన ఎడ్ పులాస్కీ అమెరికా అటవీశాఖ ఉద్యోగి. 1910లో ఐడహో కొండలను మహాదావానలము చుట్టుముట్టగా తన మనుష్యులను పాడుబడిన గనిలోనికి చేర్చి, భయముచే బయటికి పరుగిడబోయినవారిని తుపాకి చూపి ఆపెను. కొందఱు మరణించినను అధికసంఖ్యాకులు బ్రతికిరి. ప్రాణము విషయమున చర్చకు తావు లేదు. అయితే తక్కిన వేళలయందు దావానలము లేకయే తుపాకి చూపు నాయకులను మనమెందఱినో ఎఱుగుదుము.

అట్టి కాఠిన్యమునకు సమర్థనగా మైరన్ ఏవరీని చూపువారు కలరు. వృత్తిచే నౌకాన్యాయవాదియైన ఈతడు 1931 నుండి 1952 వరకు అపలాచియన్ బాట మహాసభకు అధ్యక్షుడు. దూరమును కొలుచు చక్రమును చేత త్రోసికొనుచు 1936 నాటికి బాటనంతటిని తానే నడచినవాడు. మాట కఱకు, లేఖలు మఱింత కఱకు. షెనాండోవా కొండల శిఖరముపై మోటారు రహదారి వేయుటను మెకై వ్యతిరేకింపగా, ఏవరీ దానికి సమ్మతించి బాట పూర్తియగుటయే ముఖ్యమనెను. ఆ కలహముతో ఇరువురికిని మాటలు నిలిచిపోయెను. ఏవరీ పట్టుదల లేకున్న బాట అంత త్వరగా పూర్తికాకపోయి యుండును, నిజమే. అయినను నా అభిప్రాయమున జనులు సహించినది అతని చక్రమును చూచి, అతని నాలుకను చూచి కాదు. రెండువేల మైళ్లు నడువకయే ఆ నాలుకను మాత్రము అలవరచుకొనువారికి ఆతడు ఆదర్శము కానేరడు.

నాయకత్వమును అభ్యసింపగోరు యువజనులారా, వేలకు వేలు చెల్లించి ఉపన్యాసశాలలలో కూర్చుండుటకు ముందు ఒక్క ఋతువు ఇట్టి గుంపులో చేరుడు. వాషింగ్టన్ ప్రాంతమున నివసించు తెలుగువారికి అపలాచియన్ బాట కారులో కొద్ది గంటల ప్రయాణమే. ఇచ్చటివారికి చెరువుగట్లును, గుట్టమీది గుడిమెట్లును ఉండనే ఉన్నవి. మొదటి నెల ఎవ్వరికిని మేస్త్రి కావలెనని తలపక మట్టి యెత్తుడు. పోవునపుడు దళసరి చేతితొడుగులును, చీలమండ కప్పు బూట్లును, మీకు చాలునని తోచినదానికి రెట్టింపు మంచినీళ్లును తీసికొని పొండు.